బాల్ ట్రాకింగ్, ఎల్‌బీడబ్ల్యూ, అంపైర్స్ కాల్: మనోళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో టీవీ ముందు నలుగురు కూర్చుని మ్యాచ్ చూస్తుంటే ఈ మాట రాకుండా ఉండదు: "బంతి వికెట్‌కి తగుల్తన్నట్టు ఆడే సూపిస్తన్నాడు కదా, మరి నాటౌట్ ఏటి?" నేను ఇక్కడ లోకల్ టోర్నమెంట్లకి అంపైరింగ్ చేస్తుంటాను, ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర గుంటలు చుట్టూ చేరి "మాస్టారూ, అదెలాగ, ఇదెలాగ" అని అడుగుతుంటారు. స్టంప్స్‌కి తగలాల్సిన బంతికి బ్యాటర్ కాలు అడ్డం పడితే ఔట్ ఇవ్వడమే ఎల్‌బీడబ్ల్యూ, దాని గురించి ఎక్కువ మంది అడిగేవన్నీ ఒక చోట రాసేస్తున్నాను, టీవీ ముందు గొడవ పడేముందు ఒకసారి చదువుకోండి.

టీవీలో చూపించే ఆ బంతి దారి మొత్తం కెమెరా చూసిందేనా?

కొంత చూసింది, కొంత లెక్కగట్టింది. బౌలర్ చెయ్యి వదిలిన దగ్గర్నుంచి ప్యాడ్‌కి తగిలేదాకా ఉన్నది కెమెరాలు పట్టుకున్న దారి, అది కొలత. ప్యాడ్ దగ్గర్నుంచి స్టంప్స్ దాకా గీసేది అంచనా, ఎందుకంటే బంతి అక్కడికి అసలు వెళ్ళనే లేదు కదా, మధ్యలో కాలు అడ్డం పడిపోయింది. టీవీలో రెండూ దాదాపు ఒకేలా నున్నగా గీసేసరికి మనం రెండిటినీ ఒకే గట్టిగా నమ్మేస్తాం. గొడవల్లో ముప్పాతిక వంతు ఇక్కడే పుడతాయి, ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే కింద ఉన్నవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

బంతి దారి చూపించే ఈ హాక్ ఐని ఎవరు కనిపెట్టారు?

ఇంగ్లండ్‌లో పాల్ హాకిన్స్ అనే ఆయన, రోక్ మేనర్ రీసెర్చ్ అనే సంస్థలో పని చేస్తున్నప్పుడు. 2001లో లార్డ్స్‌లో ఇంగ్లండ్, పాకిస్తాన్ టెస్టుకి చానల్ 4 వాళ్ళు మొదటిసారి టీవీలో చూపించారు, అప్పుడు అది చూసేవాళ్ళకి సరదాగా వేసే బొమ్మే, అంపైర్ నిర్ణయానికీ దానికీ సంబంధం లేదు. ఆ హాక్ ఐ కంపెనీని 2011లో సోనీ కొనేసింది. న్యూజీలాండ్‌లో డునెడిన్ ఊరి కంపెనీ తయారు చేసిన వర్చువల్ ఐ అని ఇంకోటి కూడా ఉంది, పని చేసే పద్ధతి దగ్గర దగ్గరగా ఒకటే.

కెమెరాలు ఎన్ని? అవి బంతిని ఎలా పట్టుకుంటాయి?

మామూలుగా ఆరు కెమెరాలు, స్టేడియం చుట్టూ ఎత్తులో బిగిస్తారు, సెకనుకి 300 పైన ఫ్రేములు తీసే రకం. మామూలు టీవీ కెమెరా సెకనుకి 25 ఫ్రేములు తీస్తుంది అనుకోండి, గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకి 39 మీటర్లు పోతుంది, అంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య బంతి మీటరున్నర జరిగిపోయి ఉంటుంది. ఆ మీటరున్నరలో పిచ్ మీద పడిందో లేదో, ప్యాడ్‌కి ఎక్కడ తగిలిందో ఏం తెలుస్తుంది? అదే 340 ఫ్రేములైతే తేడా 11 సెంటీమీటర్ల చిల్లర.

ఒక్క కెమెరాతో బంతి ఎటు దిశలో ఉందో తెలుస్తుంది గానీ ఎంత దూరంలో ఉందో తెలీదు. రెండు మూడు వైపుల నుంచి చూస్తే ఒక్కో కెమెరా నుంచి బంతి మీదకి ఒక్కో గీత గీసి, అవన్నీ కలిసే చోటే బంతి ఉందని లెక్క తేలుస్తారు. ఇలా ప్రతి ఫ్రేముకీ పొడవు, అడ్డం, ఎత్తు మూడూ వస్తాయి. దీనికి ముందే పిచ్, స్టంప్స్, క్రీజు గీతలు ఏ కెమెరాలో ఎక్కడ కనిపిస్తున్నాయో కొలిచి సరి చేసుకుంటారు, ఆ సరి చెయ్యడం తేడా వస్తే మిగతా అంతా తేడా వస్తుంది. ఇదంతా మెషీనే చేసుకుపోతుంది అనుకోకండి, వెనక గదిలో ఆపరేటర్లు కూర్చుని చూసుకుంటుంటారు.

మరి స్లో మోషన్ రీప్లే చూసి మనమే చెప్పలేమా?

చెప్పలేం. బౌలర్ వెనక నుంచి చూపించే కెమెరా బాగా ఎత్తులో ఉంటుంది, పైగా అన్ని గ్రౌండ్లలోనూ కచ్చితంగా మిడిల్ స్టంప్ లైన్‌లోనే ఉండదు. కాస్త పక్కకి ఉంటే లెగ్ స్టంప్ (బ్యాటర్ కాళ్ళ వైపు స్టంప్, అవతలిది ఆఫ్ స్టంప్) బయటికి పోయే బంతి కూడా మిడిల్‌కి పోతున్నట్టే కనిపిస్తుంది. అంపైర్ నిలబడే చోటు లైన్ చూడ్డానికి దానికంటే చాలా నయం.

స్పిన్ బంతి ఎంత తిరుగుతుందో దానికెలా తెలుస్తుంది?

ఇది చాలామంది తప్పుగా అనుకునేది. బంతి తిరగాల్సింది నేల మీద పడినప్పుడే తిరిగేసింది, ప్యాడ్‌కి తగిలేలోపే. పిచ్ అయ్యాక, ప్యాడ్‌కి తగిలేముందు దొరికిన ఫ్రేములు చూసుకుని, ఆ కొత్త దారినే గురుత్వాకర్షణ లెక్కతో ముందుకి పొడిగిస్తారు. అంతే గానీ ఈ పిచ్ మీద ఇంత తిరుగుతుంది, ఈ బౌలర్ ఇంత తిప్పుతాడు అని ముందే ఏదో నింపి పెట్టుకున్నది కాదు. బౌన్స్ అయినా అంతే, పడి లేచిన కోణం కొలిచిందే.

కాబట్టి పిచ్ అయ్యాక బంతి ఎంత దూరం కనపడితే అంచనా అంత గట్టిది. బంతి పడి 40 సెంటీమీటర్లలోనే ప్యాడ్‌కి తగిలేసింది అనుకోండి, ఫాస్ట్ బౌలర్ అయితే ఆ మధ్యలో దొరికేది నాలుగు ఫ్రేములు. ఆ నాలుగు చుక్కల మీద ముందు దారంతా గీయాలి. ఒక్క డిగ్రీ తేడా వచ్చిందా, రెండు మీటర్ల అవతల స్టంప్స్ దగ్గరకి వెళ్ళేసరికి మూడున్నర సెంటీమీటర్లు పక్కకి పోతుంది, మూడు మీటర్లయితే 5 సెంటీమీటర్ల పైనే. క్రికెట్ బంతి అడ్డం కొలిస్తే 7 సెంటీమీటర్ల చిల్లర, అంటే రెండు మీటర్లలో ఒక డిగ్రీ తప్పు సగం బంతికి సమానం. ఈ సగం బంతిని గుర్తుపెట్టుకోండి, అంపైర్స్ కాల్ దగ్గర మళ్ళీ వస్తుంది.

ఫుల్ టాస్ నేరుగా ప్యాడ్‌కి తగిలితే?

ఎల్‌బీడబ్ల్యూ రూల్, అంటే 36వ లా, దీన్ని తేల్చేసింది. బంతి నేల మీద పడకుండా ప్యాడ్‌కి తగిలితే, అప్పటిదాకా వచ్చిన దారిలోనే ముందుకి పోయేదని అనుకోవాలి, తర్వాత నేల మీద పడి తిరిగేదేమో అన్న ఆలోచన పెట్టకూడదు. "లెగ్ స్పిన్నర్ కదా మాస్టారూ, పడితే బయటికి తిరిగిపోయేది" అనే వాదన చెల్లదు.

స్క్రీన్ మీద వచ్చే మూడు మాటలు, పిచింగ్, ఇంపాక్ట్, వికెట్స్, వీటి అర్థం ఏటి?

పిచింగ్ అంటే బంతి ఎక్కడ పడింది. లెగ్ స్టంప్ బయట పడితే ఇక అక్కడితో అయిపోయింది, నాటౌట్, మిడిల్ స్టంప్ ఎగరగొట్టేదైనా సరే. లైన్‌లో పడినా ఆఫ్ బయట పడినా పర్లేదు.

ఇంపాక్ట్ అంటే ప్యాడ్‌కి తగిలినప్పుడు బంతి స్టంప్స్ లైన్‌లో ఉందా అని. బ్యాటర్ షాట్ ఆడితే లైన్‌లోనే తగలాలి, షాట్ ఆడకుండా ఊరికే కాలు అడ్డం పెట్టేస్తే మాత్రం ఆఫ్ బయట తగిలినా ఔట్ ఇవ్వొచ్చు.

వికెట్స్ అంటే కాలు అడ్డం లేకపోతే తగిలేదా లేదా. మూడిట్లో నికార్సయిన అంచనా ఇదొక్కటే. పిచింగ్‌కి అంపైర్స్ కాల్ (గ్రౌండ్‌లో అంపైర్ చెప్పిందే ఉంచడం) లేదు, లోపలో బయటో ఏదో ఒకటే, ఎందుకంటే అది కొలత. ఇంపాక్ట్ కూడా కొలతే కదా, దానికెందుకు అంపైర్స్ కాల్ అంటే, బంతి ప్యాడ్‌కి అంటుకున్న సరిగ్గా ఆ క్షణం రెండు ఫ్రేముల మధ్యలో పడొచ్చు, కాలు, బ్యాటు బంతిని కొంత మూసేస్తాయి కూడా.

ఈ మూడూ చూసేముందు టీవీ చూసి తేల్చే థర్డ్ అంపైర్ నోబాల్ చూస్తాడు, తర్వాత బ్యాట్‌కి తగిలిందేమో చప్పుడుని బట్టి చెప్పే అల్ట్రాఎడ్జ్‌లో చూస్తాడు. బ్యాటూ ప్యాడూ ఒకేసారి తగిలితే బ్యాటే ముందు తగిలినట్టు లెక్క, రూల్‌లోనే రాసుంది.

లెగ్ బయట పడితే ఎందుకు ఇవ్వరు? అది అన్యాయం కాదా?

బ్యాటర్ నిలబడే తీరులో లెగ్ బయట పడి లోపలికి వచ్చే బంతిని చూసి ఆడటం చాలా కష్టం, దానికి ఎల్‌బీడబ్ల్యూ కూడా ఇచ్చేస్తే బౌలర్లంతా అక్కడే వేస్తూ కూర్చుంటారు, ఆట చచ్చిపోతుంది. ఒకప్పుడు ఆఫ్ బయట పడినా ఇచ్చేవాళ్ళు కాదు, ప్యాడ్లతో ఆడేవాళ్ళు ఎక్కువైపోతే 1935లో ప్రయోగంగా మొదలెట్టి 1937లో రూల్‌గా మార్చారు. మన విజ్జీ, విజయనగరం మహరాజ్‌కుమార్, ఇండియా కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్ళింది 1936లో, సరిగ్గా ఈ మార్పు జరుగుతున్న రోజుల్లో.

ఎడంచేతి స్పిన్నర్లు ఓవర్ ద వికెట్ నుంచి కుడిచేతి బ్యాటర్‌కి వేసినప్పుడు అప్పీల్ చేసేముందు బంతి ఎక్కడ పడిందో చూసుకోవాలి, మా దగ్గర గుంటలు గొంతు పోయేలా అరిచేవాటిలో చాలా లెగ్ బయట పడినవే.

అంపైర్స్ కాల్ అంటే అసలేటి? బంతి స్టంప్‌కి తగుల్తున్నా నాటౌట్ ఏటి?

నిదానంగా చదవండి. మూడు స్టంప్స్ కలిపి వెడల్పు 9 అంగుళాలు, అంటే 22.86 సెంటీమీటర్లు. బంతి నడిమధ్య ఈ వెడల్పు లోపలికి వస్తే, అంటే సగం కంటే ఎక్కువ బంతి స్టంప్స్‌కి తగిలేలా ఉంటే, అది ఎర్ర రంగు, అంపైర్ నాటౌట్ అన్నా మార్చి ఔట్ ఇస్తారు. బంతి అసలు తగలదు అంటే అంపైర్ ఔట్ అన్నా మార్చి నాటౌట్ ఇస్తారు. ఈ రెండిటి మధ్యలో, బంతి అంచు తగుల్తుంది గానీ నడిమధ్య బయటే ఉంది, ఆ చోటు ఒక్కో పక్కన మూడున్నర సెంటీమీటర్ల చిల్లర. అక్కడ గ్రౌండ్‌లో అంపైర్ ఏం చెప్పాడో అదే ఉంటుంది.

పైన చెప్పిన లెక్క చూడండి, ఒక డిగ్రీ తేడా వస్తే సగం బంతి. అంచనాలో తప్పు ఎంత ఉండొచ్చో దాదాపు అంత మేర పక్కన పెట్టి, ఇక్కడ నేను గట్టిగా చెప్పలేను, దగ్గరుండి చూసిన మనిషి మాట తీసుకోండి అని మెషీన్ ఒప్పుకుంటున్నట్టు. నా మట్టుకు డీఆర్‌ఎస్‌లో, అంటే అంపైర్ నిర్ణయాన్ని టీవీలో మళ్ళీ చూసి తేల్చే ఈ రివ్యూ పద్ధతిలో, నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. అంపైర్స్ కాల్ అని పసుపు రంగు వస్తే కామెంటేటర్లు నిట్టూరుస్తారు, మావోళ్ళు రిమోట్ విసిరేస్తారు, కానీ తనకి ఎంతవరకు తెలుసో అంతవరకే మాట్లాడుతున్న చోటు అది.

ఈ కొలతలు ఒకేలా లేవు కూడా. 2016 ముందు సగం బంతి ఆఫ్ స్టంప్, లెగ్ స్టంప్‌ల నడిమధ్య లోపలికి రావాలి అనేవారు, తర్వాత స్టంప్ బయటి అంచు దాకా పెంచారు, దాంతో బౌలర్లకి కాస్త కలిసొచ్చింది. ఎత్తులో కూడా 2021లో హద్దుని స్టంప్స్ పై అంచు దాకా పెంచారు.

అదే బంతికి ఒక అంపైర్ ఔట్ అంటే ఔట్, ఇంకో అంపైర్ నాటౌట్ అంటే నాటౌట్. ఇది న్యాయమేనా?

సచిన్ టెండూల్కర్ లాంటాయనే ఇది తీసేయాలి అన్నాడు, ఎంత తగిలినా తగిలినట్టే అని. కోహ్లీ, బెన్ స్టోక్స్ కూడా అన్నారు. వాళ్ళంత ఆడినోళ్ళు చెప్తే వినాల్సిందే, కానీ నేను ఒప్పుకోను. తీసేస్తే బంతి అంచు వెంట్రుకవాసి బెయిల్‌కి రాసుకునేదని అంచనా వేసిన ప్రతిదీ ఔట్, టెస్టులు మూడు రోజుల్లో అయిపోతాయి, పైగా ఆ వెంట్రుకవాసి నిజమో కాదో ఎవరికీ తెలీదు. అనిల్ కుంబ్లే చైర్మన్‌గా ఉన్నప్పుడు ఐసీసీ క్రికెట్ కమిటీ 2021లో దీన్ని కూర్చుని చూసి అంపైర్స్ కాల్ ఉండాల్సిందే అని తేల్చింది. డీఆర్‌ఎస్ పెట్టింది పచ్చి తప్పులు దిద్దడానికి, ప్రతి ఎల్‌బీడబ్ల్యూనీ మొదటి నుంచి తేల్చడానికి కాదు.

ముందుకొచ్చి ఆడితే ఇవ్వరంటారు, నిజమా?

ఇవ్వరని కాదు, కష్టం. స్టంప్స్ నుంచి మూడు మీటర్ల కంటే దూరంలో ప్యాడ్‌కి తగిలితే, అంపైర్ నాటౌట్ అన్నదాన్ని రివ్యూలో మార్చరు, అంచనా అంత దూరం లాగితే నమ్మకం తగ్గిపోతుందని. 2011 వరల్డ్ కప్‌లో బెంగళూరులో ఇండియా, ఇంగ్లండ్ మ్యాచ్ టై అయింది గుర్తుందా, అందులో ఇయాన్ బెల్‌కి ఇదే జరిగింది. అప్పుడు హద్దు రెండున్నర మీటర్లు. పెద్ద స్క్రీన్ మీద బంతి స్టంప్స్‌కి తగుల్తున్నట్టు కనిపించింది, బెల్ కూడా వెళ్ళిపోతున్నాడు, అంతలో నాటౌట్ అని తేలింది. ధోనీకి బాగా కోపం వచ్చింది, ఆ రూల్ ఒకటుందని అప్పటిదాకా మనలో ఎంతమందికి తెలుసు!

బంతి స్టంప్స్ పైనుంచి పోతున్నట్టు చూపిస్తాడు, ప్యాడ్‌కి మోకాలి కింద తగిలినా. అది ఎలా నమ్మేది?

2022 జనవరిలో కేప్ టౌన్ టెస్టు, అశ్విన్ బంతి సౌతాఫ్రికా బ్యాటర్ డీన్ ఎల్గర్ ప్యాడ్‌కి తగిలింది, అంపైర్ ఎరాస్మస్ ఔట్ ఇచ్చాడు, రివ్యూలో బంతి పైనుంచి పోతుందని వచ్చింది. ఎరాస్మస్ కూడా నమ్మలేకపోయాడు, కోహ్లీ వెళ్ళి స్టంప్ మైక్‌లో మాట్లాడాడు. కంటికి మోకాలి కిందే తగిలినట్టుంది, నిజమే. కానీ బ్యాటర్ వంగి ముందుకి కాలు చాపినప్పుడు ప్యాడ్ ఏటవాలుగా ఉంటుంది, బంతి ఇంకా పైకి లేస్తూనే ఉండొచ్చు, స్టంప్స్ ఎత్తు 28 అంగుళాలే. పక్క నుంచి చూస్తే తప్ప ఆ లేవడం తెలీదు, ముందు నుంచి చూసే అంపైర్‌కీ మనకీ తెలీదు. లైన్ విషయంలో మన కన్ను పర్లేదు గానీ ఎత్తు విషయంలో మెషీన్‌నే నమ్మమంటాను.

కావాలని మార్చేస్తారని అంటారు కదా. మొహాలీలో సచిన్‌కి అలాగే చేశారట?

2011 వరల్డ్ కప్ సెమీఫైనల్, సచిన్ 23 మీద ఉన్నాడు, పాకిస్తాన్ స్పిన్నర్ అజ్మల్ బంతికి అంపైర్ ఇయాన్ గౌల్డ్ ఔట్ ఇచ్చాడు, రివ్యూలో లెగ్ స్టంప్ పక్కనుంచి పోతుందని తేలింది, తర్వాత 85 కొట్టాడు. అజ్మల్ ఇప్పటికీ ఒప్పుకోడు. కేప్ టౌన్‌లో మనోళ్ళకి ఎదురొస్తే మోసం, మొహాలీలో మనోళ్ళకి కలిసొస్తే టెక్నాలజీ, అలా అనకూడదు కదా. ట్రాకింగ్ సిస్టమ్‌ని పెట్టేది ఆ దేశంలో మ్యాచ్ చూపించే బ్రాడ్‌కాస్టర్, డబ్బులిచ్చేదీ వాళ్ళే, అందుకే అనుమానాలు వస్తాయి. ఐసీసీయే అన్ని దేశాల్లోనూ ఒకే సిస్టమ్, ఒకే రకం కెమెరాలు పెడితే మంచిదని నేనూ అంటాను.

ఇండియా చాన్నాళ్ళు డీఆర్‌ఎస్ ఎందుకు వద్దంది?

మొదటి ప్రయోగం 2008లో శ్రీలంకలో మన మీదే జరిగింది, రివ్యూ ద్వారా ఔటైన మొదటి బ్యాటర్ మన సెహ్వాగే. ఆ సిరీస్‌లో మనకి రివ్యూలు కలిసి రాలేదు, ట్రాకింగ్ అంచనా మీద మన బోర్డుకి, ధోనీకి నమ్మకం కుదరలేదు. మిగతా దేశాలు 2009 నుంచి టెస్టుల్లో వాడుతుంటే మనం సొంత సిరీస్‌లకి ఒప్పుకున్నది 2016 నవంబర్‌లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు. ఆ సిరీస్‌లో రెండో టెస్టు వైజాగ్‌లో, ఆ స్టేడియానికి అదే మొదటి టెస్టు. మన ఉత్తరాంధ్రలో టెస్ట్ క్రికెట్ అడుగుపెట్టిందే డీఆర్‌ఎస్‌తో పాటు అన్నమాట.

రివ్యూలు ఎన్ని? అంపైర్స్ కాల్ వస్తే పోతుందా?

టెస్టులో ఒక్కో ఇన్నింగ్స్‌కి మూడు, వన్డే, టీ20ల్లో రెండు. అడగడానికి 15 సెకన్లు. అంపైర్స్ కాల్ వస్తే నిర్ణయం మారదు గానీ రివ్యూ మిగుల్తుంది, 2017 నుంచి ఇలా. రివ్యూలు ఊరికే తగలేస్తే ఏమవుతుందో 2019 హెడింగ్లీలో చూశాం, ఆస్ట్రేలియా ఆఖరి రివ్యూని ఇంగ్లండ్ బ్యాటర్ లీచ్ మీద వాడేసింది, తర్వాత ఓవర్లోనే లయన్ బంతికి స్టోక్స్ ప్లమ్, అంటే అనుమానం లేని ఎల్‌బీడబ్ల్యూ, అంపైర్ నాటౌట్ అన్నాడు, అడగడానికి రివ్యూ లేదు. ఇంగ్లండ్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది.

ఔట్ అన్నాక రివ్యూలో నాటౌట్ వస్తే, ఆ బంతికి వచ్చిన లెగ్ బైలు (కాలికి తగిలి వచ్చిన పరుగులు) ఇస్తారా?

ఇవ్వరు. అంపైర్ వేలెత్తగానే బంతి డెడ్, అంటే ఆ బంతికి ఆట అక్కడితో అయిపోయినట్టే. 2024 టీ20 వరల్డ్ కప్‌లో న్యూయార్క్‌లో బంగ్లాదేశ్, సౌతాఫ్రికా మ్యాచ్‌లో మహ్మదుల్లాకి ఇదే జరిగింది, ప్యాడ్‌కి తగిలిన బంతి బౌండరీకి పోయింది, ఔట్ ఇచ్చారు, రివ్యూలో నాటౌట్, ఆ నాలుగూ రాలేదు. బంగ్లాదేశ్ ఓడింది సరిగ్గా నాలుగు పరుగుల తేడాతో. ఈ రూల్ మార్చాలి, నాకు ఇందులో రెండో మాట లేదు. బంతి ఆగేదాకా చూసి, తర్వాత లెక్క తేల్చడం అంత కష్టమేం కాదు.

రివర్స్ స్వీప్ ఆడితే ఆఫ్, లెగ్ మారిపోతాయా?

మారవు. బౌలర్ రనప్ మొదలెట్టినప్పుడు బ్యాటర్ ఎలా నిలబడ్డాడో దాన్ని బట్టే.

మన గ్రౌండ్లలో ఇలాంటిది పెట్టుకోవచ్చా?

ఇప్పటికి లేదు. 2019-20 రంజీ సెమీఫైనల్స్‌లో డీఆర్‌ఎస్ పెట్టినప్పుడే ట్రాకింగ్ లేకుండా పెట్టారు, అంత ఖర్చు, అంత ఏర్పాటు. ఫోన్ స్టాండ్ మీద పెట్టి వీడియో తీసి తేలుద్దాం అంటారు కుర్రాళ్ళు, ఒక్క కెమెరాతో దూరం తెలీదని పైన చెప్పాను కదా. నోబాల్‌కి, రనౌట్‌కి పక్కనుంచి తీసిన ఫోన్ వీడియో బాగానే పనికొస్తుంది, ఎల్‌బీడబ్ల్యూకి పెట్టకండి.

మరి మన దగ్గర ఎల్‌బీడబ్ల్యూ ఎలా ఇవ్వాలి? చాలా చోట్ల అసలు ఎల్‌బీ లేదు అంటారు కదా?

టెన్నిస్ బాల్ మ్యాచ్‌ల్లో లేదనే ఎక్కువ చోట్ల పెట్టుకుంటారు, బ్యాటింగ్ టీమ్ కుర్రాడే అంపైర్‌గా నిలబడతాడు, వేలెత్తితే సొంతోళ్ళతో గొడవ. పైగా టెన్నిస్ బంతి గట్టి నేల మీద బాగా లేస్తుంది, చాలావరకు స్టంప్స్ పైనుంచే పోతుంది. లెదర్ బాల్ మ్యాచ్ అయితే మాత్రం తప్పకుండా ఉండాలి, లేకపోతే ప్యాడ్ ఆట అలవాటైపోతుంది.

నేను చేసేది చెప్తాను. బౌలర్ క్రీజు చూశాక కళ్ళు వెంటనే బంతి పడే చోటికి తెచ్చుకుంటాను. అప్పీల్ రాగానే ముందు లెగ్ బయట పడిందా అని, పడితే ఇక ఆలోచన లేదు. తర్వాత బ్యాట్ చప్పుడు. తర్వాత తగిలినప్పుడు కాలు ఎక్కడుంది, ఆఫ్ స్టంప్ బయటా లోపలా. ఆఖర్న ఎత్తు, బ్యాటర్ ఎంత ముందుకొచ్చాడు. బాగా ముందుకొస్తే ఇవ్వను, క్రీజులో వెనక్కి ఉండి షిన్ మీద తగిలితే గుండె గట్టి చేసుకుని ఇస్తాను. అరుపులు ఆగేదాకా ఒక్క శ్వాస ఆగండి, బంతి దారి మనసులో మళ్ళీ ఒకసారి చూసుకోండి, అప్పుడు చెప్పండి. కొత్తగా అంపైరింగ్ నేర్చుకునేవాళ్ళు నెట్స్ దగ్గర బౌలర్ స్టంప్స్ వెనక నిలబడి, ప్రతి బంతికీ ఎక్కడ పడిందో పైకి చెప్తూ ఉండండి, కీపర్‌ని అడిగి సరి చూసుకోండి.

బ్యాటర్‌కి అనుమానం ఉంటే మ్యాచ్ అయ్యాక వచ్చి అడగొచ్చు, బంతి నాకెలా కనిపించిందో చెప్తాను.